ఆటల లాభములు: లెక్క ఎవరిది?

మన కాలమున వార్తాపత్రికలను తెఱచినవారికి రాజకీయముల పిదప అధికముగా గనబడునది ఆటల ధనము. ఏ జట్టు గెలిచినది, ఎవరెన్ని పరుగులు చేసిరి అను మాటలు ఒక ప్రక్కనుండగా, ఏ సంఘమున కెంత యాదాయము వచ్చినది, ఏ పోటీవలన నెన్ని వేల కోట్లు మిగిలినవి యను మాటలు మఱియొక ప్రక్క పెద్ద యక్షరములతో ముద్రింపబడుచున్నవి. పాఠకులు పరుగుల లెక్కను విమర్శింతురు. ఒక్క పరుగు తప్పిపోయినను సంపాదకునకు జాబు వ్రాయుదురు. కోట్ల లెక్కను మాత్రము దేవతాప్రసాదమువలె కన్నుల కద్దుకొని స్వీకరింతురు. ఈ వైపరీత్యమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా యుద్దేశము.

నేను జహీరాబాదులో బాలబాలికలకు భాషలు బోధించు నుపాధ్యాయుడను. సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొన్నవాడనే గాని గణకవిద్య నభ్యసించినవాడను గాను. అయినను మాటల యర్థమును విచారించుట నా వృత్తి. "లాభము" అను పదము "లభ్" ధాతువునుండి పుట్టినది. పొందబడినది యని దాని యర్థము. పొందినవా డెవడను ప్రశ్న ఆ ధాతువులోనే యిమిడియున్నది. ఇంగ్లీషువారి "ప్రాఫిట్" అను పదము, ముందునకు సాగుట యను నర్థముగల లాటిను మాటనుండి వచ్చినది. మనము తెలుగున "మిగులు" అందుము. ఖర్చులు పోగా నిలిచినది. ఈ మూడును ఒకటి కావు. పొందుట వేఱు, ముందునకు సాగుట వేఱు, మిగులుట వేఱు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణమున ఆయము, వ్యయము, నీవి అను మూడింటిని విడదీసి నిర్వచించినది. ఆయమునుండి వ్యయము పోగా నిలుచు శేషమే నీవి. ఆ గ్రంథమే రాజధనము నపహరించు మార్గములను నలువదింటిని లెక్కించి చెప్పినది. లెక్కలు వ్రాయువాడు లెక్కలతోనే దాచగలడని మన పూర్వులు బాగుగా నెఱుగుదురు.

మా ప్రాంతపు రైతులకును ఈ విచారణ క్రొత్త కాదు. జహీరాబాదు చుట్టుప్రక్కల చెఱకు పండును. కేంద్రప్రభుత్వము చెఱకునకు నిర్ణయించు ధర, ఆ చెఱకునుండి యెంత పంచదార దిగినదను "రికవరీ" శాతముపై నాధారపడును. 2024-25 సంవత్సరమునకు 10.25 శాతము దిగుబడిగల చెఱకునకు క్వింటాలు 340 రూపాయలని నిర్ణయించిరి. శాతము పెరిగినచో ధర పెరుగును. ఆ శాతమును లెక్కించువాడు రైతు కాడు, కర్మాగారము వాడు. అందుచేత సంతకము చేయనేరని రైతు కూడ "కాంట యెవరిది? శాతము కట్టిన దెవరు?" అని యడుగును. ఆ యడుగుటలో నెవరిపైనను నేరారోపణము లేదు. కొలుచువానికే ఆ కొలతవలన ప్రయోజన ముండినప్పుడు రెండవ కన్ను కావలయునను వ్యవహారజ్ఞానము మాత్రమే యున్నది. చెఱకు బండి దగ్గర మన కుండు నీ జ్ఞానము ఆటల సంఘముల దగ్గరకు వచ్చునప్పటికి ఎచ్చటికి పోవుచున్నది?

నన్నీ విచారణమునకు పురికొల్పినది నా పూర్వశిష్యు డొకడు అమెరికానుండి పంపిన రుసుముల పట్టిక. అతని తండ్రి చెఱకు రైతు. మూడెకరముల భూమిని బ్యాంకులో తాకట్టుపెట్టి కుమారుని యం.యస్. చదువునకు పంపెను. ఆ విశ్వవిద్యాలయము పేరు మన కిచట నవసరము లేదు. పట్టికలో బోధన రుసుము, ఆరోగ్య రుసుము మొదలైనవాని క్రింద "అథ్లెటిక్స్ ఫీజు" అని యొక పంక్తి యుండెను. "సారూ, నేను ఈడికొచ్చిన కాడికెల్లి ఒక్క ఆటకు గూడ పోలే. బాస్కెట్‌బాల్ టీముకు నేనెందుకు కట్టాలె?" అని వాడు వ్రాసెను. ఇట్టి రుసుమును తప్పనిసరిగా వసూలు చేయు విశ్వవిద్యాలయములు ఆ దేశమున ననేకము కలవు. అనగా మా యూరి చెఱకు తోటపై తెచ్చిన యప్పులో నొక భాగము, సముద్రములు దాటి, ఒక బాస్కెట్‌బాల్ జట్టు "ఆదాయము"గా వ్రాయబడుచున్నది. ఆ విషయమును తెలిసికొనవలెనని నేను కొంతకాలము గ్రంథములను, నివేదికలను చదివితిని.

అమెరికాలో కళాశాలల జట్టులు కూటములుగా నేర్పడి యాడుదురు. వానిని కాన్ఫరెన్సు లందురు. బిగ్ టెన్ అను కూటమి 1896లో పుట్టినది. బిగ్ ఈస్టు 1979లో పుట్టినది. బిగ్ టెన్ అనగా పెద్ద పది యని యర్థము. 2024 నాటికి దానిలోని విశ్వవిద్యాలయములు 18. పేరులోనే లెక్క కుదరని కూటమి కోట్ల లెక్కను జాగ్రత్తగా చూడవలయునని నేను పరిహాసమునకు మా విద్యార్థులతో ననుచుందును. వీని కన్నిటికిని పైన యన్.సి.ఏ.ఏ. అను సంఘము కలదు. అది ప్రతి వసంతమున 68 జట్టులతో నడపు పురుషుల బాస్కెట్‌బాల్ పోటీని ప్రసారము చేయుటకు 2010లో రెండు టెలివిజను సంస్థలు 14 సంవత్సరములకు 1,080 కోట్ల డాలర్ల ఒడంబడిక చేసికొన్నవి. 2016లో మఱి 880 కోట్ల డాలర్లతో దానిని 2032 వఱకు పొడిగించిరి. జట్టు ఆడిన యొక్కొక్క పంద్యమునకు, అంతిమ పంద్యము తప్ప, ఒక్కొక్క వాటా చొప్పున ఆ జట్టుయొక్క కూటమికి ఆఱేండ్లపాటు ధనము ముట్టును.

ఇంత ధనము వచ్చు కూటముల లాభ మెంత? ఇచ్చటనే చిక్కున్నది. కూటమి ధర్మసంస్థగా నమోదైనది. వచ్చిన ధనములో నధికభాగమును సభ్యులకు పంచివేయును. కావున దాని లెక్కలో మిగులు స్వల్పముగా గనబడును. పత్రికలవారు మొత్తము రాబడినే చూచి "ఇంత లాభము" అని వ్రాయుదురు. అది ఆయము, నీవి కాదు. ఆ ధనము కళాశాలకు చేరినపిదప ఏమగును? 1994లో ఆ దేశపు కాంగ్రెసు చేసిన చట్టము ననుసరించి కళాశాలలు ఆటల యాదాయవ్యయములను ఏటేట ప్రకటింపవలయును. ఆ ప్రకటనలు చూచినవారి కొక చిత్రము గోచరించును. పలు కళాశాలలలో ఆదాయమును వ్యయమును డాలరు తేడా లేక సమానముగా నుండును. ఏ గృహస్థుని యింటనైనను సంవత్సరాంతమున జమాఖర్చులు పైసాతో సహా సరిపోవునా? సరిపోవుటకు కారణము, తక్కువపడిన ధనమును కళాశాల సామాన్యనిధినుండియు, విద్యార్థుల రుసుములనుండియు తెచ్చి, దానిని కూడ ఆదాయపు ప్రక్కనే వ్రాయుట. నా శిష్యుని రుసుము పంక్తి వెళ్ళినది ఆ గడిలోనికే.

ఖర్చు ప్రక్కయు నిట్టిదే. ఆటగానికి బోధన రుసుము మాఫీ చేసినచో దానిని పట్టికలోని పూర్తి ధరకు ఖర్చు వ్రాయుదురు. తరగతిలో నొక కుర్రవా డధికముగా కూర్చుండినంత మాత్రమున విశ్వవిద్యాలయమునకు నిజముగా నంత ఖర్చగునా? అది యొక జేబులోనుండి మఱియొక జేబులోనికి పోవు ధనము. శిక్షకుని జీతము మాత్రము నిజముగా చేతినుండి పోవు ధనము. ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వపు జీతగాండ్రలో నెల్లరికంటె నెక్కువ జీతము గొనువాడు గవర్నరు గాడు, ఆచార్యుడు గాడు, ఫుట్‌బాల్ జట్టునకో బాస్కెట్‌బాల్ జట్టునకో శిక్షకుడు. మిగులు చూపించిన పంచుకొనువారు బయలుదేరుదురు. నష్టము చూపించిన సహాయము చేయువారు బయలుదేరుదురు. ఆటగాండ్రకు విద్యార్థివేతనము దప్ప వేఱు భాగము లేదని చాలకాలము సంఘము వాదించినది. 2021లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా నా వాదమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. 2025 జూన్‌లో నింకొక న్యాయస్థాన మామోదించిన రాజీ ప్రకారము కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు పంచవచ్చునని యేర్పడినది. "మాకు మిగులు లేదు" అని పలు సంవత్సరములు చెప్పినవారికి ఈ ధన మెక్కడనుండి వచ్చినది? ఇంతకాలము మిగులు లేకపోలేదు. అది ఖర్చుల యాకారమున నుండినది.

ఇక మన యింటి సంగతి. మన దేశమున కళాశాలల బాస్కెట్‌బాల్‌కు నట్టి ధనము లేదు. దాని స్థానమున క్రికెట్టున్నది. అమెరికాలో మిగులును దాచుట కనబడగా, మనకడ మిగులును చాటుట కనబడుచున్నది. 2023 నాటి ఇండియన్ ప్రీమియర్ లీగు పోటీవలన భారత క్రికెట్టు బోర్డునకు 5,120 కోట్ల రూపాయలు మిగిలినవని 2024లో పత్రికలు ప్రకటించినవి. ఆదాయము 11,769 కోట్లు, వ్యయము 6,648 కోట్లు. ఈ యంకెలు బోర్డు వార్షిక నివేదికనుండి వచ్చినవి. తీసివేత సరిగానే యున్నది. నా ప్రశ్న తీసివేతను గూర్చి కాదు, తీసివేయబడని వానిని గూర్చి.

ఆదాయములో 8,744 కోట్లు ప్రసారహక్కులవలన వచ్చినవి. 2,117 కోట్లు జట్టుల యజమానులు చెల్లించిన రుసుము. ఆ యజమానులకే ప్రసారధనములో భాగము తిరిగి యిత్తురు. అది వ్యయము ప్రక్క వ్రాయబడును. ఒకే చేతినుండి పుచ్చుకొని, అదే చేతికి మఱియొక పేరుతో నిచ్చినప్పుడు రెండు ప్రక్కలను మొత్తములు ఉబ్బును. "పదునొకండువేల కోట్ల వ్యాపారము" అను మాటలో నిట్టి వాపెంతయో బలమెంతయో పాఠకుడు తెలిసికొనవలయును. అదే సంవత్సరము ఒక్కొక్క జట్టు ఆటగాండ్ర జీతములకు వెచ్చింపదగిన పరిమితి 95 కోట్లు. పది జట్టులకు 950 కోట్లు. అనగా పోటీ ఆదాయమునకు సుమారు 8 శాతము. ఎవరి యాటను చూచుటకు దేశమంతయు రాత్రులు మేల్కొనుచున్నదో వారి భాగ మిది.

న్యాయముగా నింకొక మాటయు చెప్పవలయును. బోర్డు ఈ ధనమునంతను తినివేయుచున్నదని నేననుట లేదు. రాష్ట్రసంఘములకు పంపకము జరుగుచున్నది. పూర్వపు టాటగాండ్రకు పింఛనులు కలవు. 2022 అక్టోబరులో స్త్రీలకును పురుషులకును అంతర్జాతీయ పంద్యముల రుసుము సమానము చేసిరి. ఇది సంఘసంస్కారమును కోరువా రెల్లరు మెచ్చదగిన పని. అయినను 1928లో స్థాపింపబడిన యీ బోర్డు ధర్మసంస్థగా పన్నుల మినహాయింపును కోరుచున్నది. 2021 నవంబరులో ఆదాయపు పన్ను ట్రిబ్యునలు బోర్డున కనుకూలముగా తీర్పు చెప్పినది. 2022 అక్టోబరులో సుప్రీముకోర్టు రాష్ట్ర క్రికెట్టు సంఘముల వ్యాజ్యములలో, ప్రసారహక్కుల వంటివి వాణిజ్యస్వభావము గలవి కావున లెక్కలను మరల పరిశీలింపవలయునని పన్నుల యధికారులకు తిరిగి పంపినది. పత్రికల ముందు లాభము, పన్నుల కచేరి ముందు ధర్మము! ఈ రెండు మాటలను ఒకే నోరు పలుకునప్పుడు వినువాడు ప్రశ్న వేయకుండ నెట్లుండును?

హైదరాబాదు నగరము ఈ ప్రశ్నకు మంచి యుదాహరణము. 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు హైదరాబాదు జట్టును కొన్నది. మఱు సంవత్సరమే దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో డెక్కన్ చార్జర్సు విజేతలైరి. మూడేండ్లు గడచినపిదప, యజమాని సంస్థ అప్పులలో కూరుకొని యుండగా, 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసినది. గెలుపు లాభము కాదని తెలుగువారికి అప్పుడే తెలియవలసినది. ఆ స్థానమును సన్ టి.వి. సంస్థ ఏటికి 85 కోట్ల 5 లక్షలకు పాడుకొని సన్‌రైజర్సు జట్టును నెలకొల్పినది. రద్దయిన జట్టు విషయమున 2020లో మధ్యవర్తి, బోర్డు సుమారు 4,800 కోట్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. ఒక యేడాదిలో నొక జట్టునకు సంబంధించిన సంఖ్య వేలకోట్లనుండి సున్నకు దిగినది. అట్టి సంఖ్యలను పట్టుకొని గృహస్థులు తమ బిడ్డల భవిష్యత్తును లెక్క కట్టుకొనుచున్నారు.

1934లో పుట్టిన హైదరాబాదు క్రికెట్టు సంఘము సంగతి పాఠకులకు తెలియనిది గాదు. కలహములు ముదిరినందున 2023 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు దాని కార్యవర్గమును తొలగించి, విశ్రాంత న్యాయమూర్తి యల్. నాగేశ్వరరావు గారిని ఏకసభ్యసంఘముగా నియమింపవలసి వచ్చినది. 2024 ఏప్రిలు 4వ తేదీన, మఱునాడు పెద్ద పంద్యము జరుగవలసియుండగా, కోటిన్నరకు పైబడిన బాకీ నిలిచినదని విద్యుత్తు పంపిణీ సంస్థ ఉప్పలు మైదానమునకు సరఫరా నాపివేసినది. సామాన్యుడు రెండు నెలలు బిల్లు కట్టకున్న తీగ కత్తిరింతురు. ఇచ్చట బాకీ ఏండ్లతరబడి పెరిగినది. వేల కోట్లు మిగిలినవను పోటీ ఏ దీపముల వెలుగున జరుగుచున్నదో ఆ దీపముల బిల్లు ఎవరి పుస్తకములో వ్రాయబడినది? లాభములు ముంబైలోని పుస్తకములోను, బాకీలు ఉప్పలులోని పుస్తకములోను ఉన్నచో, రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన తెఱచి చూడక సత్యము బయలుపడదు.

ఇవన్నియు దూరపు సంగతులని యనుకొనవచ్చును. మా పట్టణములో ట్రాక్టర్ల మరమ్మతు చేయు మేస్త్రీ యొకడు మొన్నటి వేసవిలో నన్ను చూడవచ్చెను. అతని కుమారుడు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి. బంతి చక్కగా వేయును. ఇంటి స్థలము నమ్మి, ఆ ధనముతో బాలుని హైదరాబాదులో నొక ప్రైవేటు శిక్షణాలయమున చేర్పవలెనని అతని సంకల్పము. "సారూ, అయిదు వేల కోట్లు మిగిలినయంట. అండ్ల మా పోరనికి ఒక్క కోటి రాదా? సిరాజు గూడ ఆటో నడిపేటాయన కొడుకే గద!" అని యతడనెను. అతని భార్య యంతవఱకు మాటాడకుండి, "ప్లాటమ్మితే పెద్దపిల్ల చదువుకేముంటది సారూ?" అని మాత్రమడిగెను. ఆ పెద్దపిల్ల ఇంటర్మీడియేటు ముగించి నర్సింగు చదువగోరుచున్నది.

సిరాజు మాట నిజము. ఆటో డ్రైవరు కుమారుడైన మహమ్మదు సిరాజును 2017లో హైదరాబాదు జట్టు 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. భద్రాచలము బాలిక గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేండ్లలోపు స్త్రీల ప్రపంచపోటీలో నుత్తమ క్రీడాకారిణిగా నెన్నుకోబడినది. వీరిని చూచి గర్వింపని తెలుగువా డుండడు. అయినను నేనతనితో నిట్లంటిని: "పది జట్టులు. జట్టునకు మించినచో 25 మంది. మొత్తము 250. అందులో జట్టునకు 8 మంది చొప్పున విదేశీయులు పోగా మిగులు స్థానములు 170. దేశజనాభా 140 కోట్లు. ఆ 5,120 కోట్లు బోర్డు మిగులు; ఆటగాండ్ర జీతములు గావు. అవి నీ కుమారునికి రావలసిన ధనముగా నెవరును వ్రాసిపెట్టలేదు." అతడు తడుముకొనక, "డాక్టరు సీట్లు గూడ తక్కువే గద సారూ, మరి దానికైతే చదువుమంటరు?" అనెను.

ఈ ప్రశ్న సామాన్యమైనది గాదు. నేను కొంతసే పాలోచించి, చదువులో వైద్యుడు కాలేకపోయినవానికి చదివిన చదువు మిగులును. వేఱు మార్గములు కలవు. బంతి వేయుటలో వెనుకబడినవానికి మనదేశమున నట్టి మార్గములు తక్కువయని చెప్పితిని. ఈ కారణముననే మిగులు ఎవరి కెక్కడ ఖర్చగుచున్నదో తెలియుట యావశ్యకము. ఆ ధనము మండలమున కొక మైదానముగను, వ్యాయామోపాధ్యాయుడుగను, ఓడిన యాటగానికి జీవనోపాధిగను మాఱినచో ఆ తండ్రి ఇంటి స్థలము నమ్మవలసిన యవసరముండదు. మాఱకున్నచో పత్రికలోని యంకె, పేదవాని యాస్తిని శిక్షణాలయముల యాదాయముగా మార్చు ప్రకటనాపత్రము మాత్రమే యగును. అట్టి కుటుంబములలో మొదట తగ్గునది కుమార్తె చదువు. ఆ తల్లి యడిగిన యొక్క ప్రశ్నలో ఈ యర్థశాస్త్రమంతయు నున్నది. ఆ మేస్త్రీ స్థలమును గూర్చి యింకను నిశ్చయింపలేదు. పెద్దపిల్లను మాత్రము నర్సింగు దరఖాస్తునకు నాయొద్దకు పంపెను. బాలుడు సాయంకాలము మా పాఠశాల వెనుక బంతి వేయుచున్నాడు.

ఇచట నొక చిన్న గుణకారము. సమగ్రశిక్షా పథకము క్రింద ఉన్నతపాఠశాలకు క్రీడాసామగ్రికై యేటికి గరిష్ఠముగా 25,000 రూపాయలు మంజూరగును. 5,120 కోట్లను 25,000 చేత భాగించినచో 20,48,000 వచ్చును. దేశమున చిన్నబడులు మొదలు పెద్దబడుల వఱకు అన్నియు కలసి 15 లక్షలకు లోపే. అనగా ఒక్క యేటి మిగులుతో దేశములోని ప్రతి బడికిని ఉన్నతపాఠశాల స్థాయి క్రీడానిధి నిచ్చి యింకను మిగుల్పవచ్చును. బోర్డు అట్లు చేయవలెనని చట్టము లేదు. రాష్ట్రసంఘముల భాగములు మొదలైన బాధ్యతలును కలవు. అయినను "ధర్మసంస్థ" యను పేరునకు కొలమానము కావలసినప్పుడు ఈ భాగహారము పనికివచ్చును.

మఱి మన మేమి చేయగలము? 2015 జనవరిలోనే సుప్రీముకోర్టు క్రికెట్టు బోర్డు నిర్వహించునవి ప్రజాకార్యములని తీర్పు చెప్పియున్నది. అయినను 2025లో పార్లమెంటు చేసిన క్రీడాపాలన చట్టము, ప్రభుత్వధనము పుచ్చుకొను సంఘములకే సమాచారహక్కు వర్తించునని పరిమితి విధించినది. ప్రభుత్వము రొక్క మియ్యకపోవచ్చును. భూమి నిచ్చుచున్నది, పోలీసుల నిచ్చుచున్నది, పన్నులను వదలుచున్నది. వదలిన పన్ను ఇచ్చిన ధనముతో సమానమని లెక్కలు తెలిసిన ప్రతి గృహిణియు నెఱుగును.

ఈ విషయమున మనకు పరదేశపు గురువులక్కఱలేదు. మన పల్లెల మహిళాసంఘములలో పంచసూత్రములని కలవు: క్రమముగా సమావేశమగుట, పొదుపు చేయుట, అప్పు లిచ్చుట, సకాలమున తీర్చుట, పుస్తకములు సరిగా వ్రాయుట. వేలిముద్ర వేయు సభ్యురాలి యెదుటను ఆ లెక్క చదివి వినిపింతురు. 2006 మొదలు ఆంధ్రప్రదేశమున ఉపాధిహామీ పనులకు సామాజిక తనిఖీ యేర్పడినది, కూలిపట్టికలను గ్రామసభలో బిగ్గరగా చదివి, "ఈ కూలి నీకు ముట్టినదా?" అని కూలివానినే యడుగుట దాని పద్ధతి. పేదవాని నూటయాభై రూపాయల కూలికి బహిరంగ విచారణ తగినదైనచో, వేల కోట్ల యాటకు తగనిదెట్లగును? ఉప్పలు మైదానమున సంవత్సరమునకొకసారి క్లబ్బులవారిని, పూర్వపు టాటగాండ్రను, తల్లిదండ్రులను పిలిచి బోర్డునుండి వచ్చిన ధనమెంత, జిల్లాలకు పోయినదెంత, సంగారెడ్డి జిల్లాకు ముట్టినదేమి యని చదివి వినిపించుట అసాధ్యమైన పని గాదు.

అంతవఱకు గృహస్థులు తమ యిండ్లలోనే యారంభింపవచ్చును. లాభవార్త చదివినప్పుడు పిల్లలచేత నీ నాలుగు ప్రశ్నలు వేయింపుడు. ఈ లెక్క చెప్పిన దెవరు? ఇందులో ఆదాయమని వ్రాసినది నిజముగా ఆటవలన వచ్చినదా, ఎవరి రుసుమో యెవరి రాయితీయో? ఇందులో వ్రాయని ఖర్చును మోయుచున్న దెవరు? మిగిలినది తుదకు ఎవరి చేతికి చేరినది? అమెరికాలోని నా శిష్యునకు నేనిదే వ్రాసితిని. అతడును తోడి విద్యార్థులును కలసి, తమ రుసుములో నెంతభాగ మే జట్టునకు పోవుచున్నదో తెలుపుడని విశ్వవిద్యాలయమునకు వినతిపత్రము పంపిరి. ప్రత్యుత్తర మింకను రాలేదు. మా పాఠశాలలో ఈ సంవత్సరము క్రీడానిధి జమాఖర్చులను విద్యార్థులచేతనే నల్లబల్లపై వ్రాయించుచున్నాము. రెండు వాలీబాలులు, ఒక వల, బాలికలకు కబడ్డీ దుస్తులు, వానికెదురుగా ధరలు. గతవారము ఏడవ తరగతి బాలిక యొకతె లేచి, వల కొన్నామని వ్రాసితిరిగదా, అది యెక్కడ నున్నదని యడిగినది. వ్యాయామోపాధ్యాయుడు గదినుండి వలను తెచ్చి అందఱి యెదుట విప్పి చూపించెను.